చేయి పట్టి పెట్టించిన సంతకం: ‘ది పేషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’పై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో కార్ల్ థియొడోర్ డ్రయర్ తీసిన 1928 నాటి మూకీ చిత్రం ‘ది పేషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ను పరిచయం చేశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. సినిమా చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాం. 1431, ఫ్రాన్సులోని రువాన్ పట్టణం. దేవుడే తనను పంపాడని నమ్మిన పందొమ్మిదేళ్ల పల్లెటూరి పిల్లను మతగురువుల కోర్టు విచారిస్తుంటుంది. ఆమెకు వినబడే గొంతులు దేవుడివి కావని ఆమె చేతే ఒప్పించి, కాగితం మీద సంతకం పెట్టించుకోవాలన్నది వాళ్ల పట్టుదల. ఒకసారి పెడుతుంది. తర్వాత వెనక్కి తీసుకుంటుంది. మంటల్లో కాలిపోతుంది.

ప్రశ్న: ఈ సినిమా నిడివి ఒకచోట 82 నిమిషాలనీ, మరోచోట 97 నిమిషాలనీ ఉంది. ఏది పూర్తి సినిమా? ఎక్కువ నిడివి ఉన్నదాంట్లో అదనపు సీన్లు ఉంటాయా?

జవాబు: ఉండవు. రెండింట్లోనూ ఉన్నది అదే ఫిల్ము, తేడా అంతా నడిపే వేగంలోనే. 35 మి.మీ. ఫిల్ములో మీటరుకు సుమారు 52.5 ఫ్రేములు (విడి బొమ్మలు) పడతాయి. ఈ సినిమా దాదాపు 2,200 మీటర్లు, అంటే లక్షా పదిహేను వేల పైచిలుకు ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున నడిపితే 80 నిమిషాలు, 20 చొప్పున నడిపితే 96 నిమిషాలు వస్తుంది. పునరుద్ధరణ వివరాలు చెప్పే కార్డులు కలిపితే మీరు చూసిన అంకెలకు చేరతాయి. 24 అనే వేగం టాకీలు వచ్చాక స్థిరపడింది. మూకీలకు అలాంటి ఒక్క లెక్క ఉండేది కాదు, అందుకే ఈ సినిమా వేగం మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. మొదటిసారి చూసేవాళ్లు 20నే ఎంచుకోవాలని మా సలహా. ఇందులో జరిగేదంతా ముఖాల మీదే జరుగుతుంది. కంట్లో నీరు ఊరి, నిండి, జారే వ్యవధి 24లో కుదించుకుపోతుంది. చివర్లో జనం తిరగబడే ఘట్టం మాత్రం 24లోనే ఊపుగా ఉంటుంది.

అయితే వేగం కన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది, దాన్ని చాలామంది గమనించరు. ఈ సినిమాకు రెండు ‘శరీరాలు’ ఉన్నాయి. అసలు నెగెటివ్ 1928 డిసెంబరులో బెర్లిన్‌లోని ఉఫా అనే జర్మన్ సినిమా సంస్థ లాబొరేటరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. డ్రయర్ కుంగిపోకుండా, షూటింగులో పక్కన పెట్టిన టేకుల నుంచి అదే సినిమాను షాటు షాటుగా మళ్లీ కూర్చాడు. మరుసటి ఏడాది అదీ మంటల పాలైందనుకున్నారు. 1951లో లో డూకా అనే ఆయనకు ఈ రెండో రూపం నెగెటివ్ కాపీ ఫ్రాన్సులో దొరికింది. దానికి బాఖ్, వివాల్డి వంటి 17-18 శతాబ్దాల బరోక్ స్వరకర్తల సంగీతం అతికించి విడుదల చేశాడు. డ్రయర్‌కు అది నచ్చలేదు. 1981లో నార్వే రాజధాని ఓస్లో శివారులోని ఒక మానసిక చికిత్సాలయంలో, సామాన్ల గదిలో, మాటలను అక్షరాల్లో చూపే కార్డులు డేనిష్‌లో ఉన్న ప్రింటు ఒకటి బయటపడింది. దాన్ని నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపితే దాదాపు మూడేళ్లు ఎవరూ తెరిచి చూడలేదు. చూశాక తెలిసింది, అది కాలిపోయిన మొదటి రూపమేనని.

గుర్తుపట్టడం తేలిక. మాటల కార్డుల వెనక రంగుటద్దాల కిటికీలు, చర్చి బొమ్మలు కనిపించినా, కార్డుకు బదులు బొమ్మ అడుగున అక్షరాలు పడుతున్నా అది లో డూకా కాపీ. సాదా కార్డులుండి, మొదట్లో ఓస్లో ప్రింటు ప్రస్తావన ఉంటే అది ఓస్లోలో దొరికిన మొదటి రూపం. రెండింట్లో షాట్ల వరస ఇంచుమించు ఒకటే, టేకులు మాత్రం వేరు. డ్రయర్ మొదట ఏరుకున్న క్షణాలు ఓస్లో ప్రింటులో ఉన్నాయి, రెండో ఎంపికలు లో డూకా కాపీలో ఉన్నాయి.

ప్రశ్న: సంగీతంతో చూడాలా, నిశ్శబ్దంగా చూడాలా?

జవాబు: డ్రయర్ ఏ సంగీతాన్నీ ‘ఇదే’ అని ఖరారు చేసి పోలేదు కాబట్టి రెండూ సమ్మతమే. ఈమధ్య ఎక్కువగా వినబడేది 1994లో రిచర్డ్ ఐన్‌హార్న్ కూర్చిన ‘వాయిసెస్ ఆఫ్ లైట్’. మధ్యయుగాల భక్తురాళ్లు రాసిన మాటలను అందులో బృందగానంగా పాడించారు, జోన్ పుట్టిన దోంరెమీ చర్చి గంట మోతను రికార్డు చేసి వాడారు. గొప్ప సంగీతమే. కానీ మొదటిసారే దాన్ని పెట్టుకుంటే ఎక్కడ కదిలిపోవాలో అది ముందుగానే చెప్పేస్తుంది. కనీసం మొదటి అరగంట నిశ్శబ్దంగా చూడండి. ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. 24 వేగానికి కూర్చిన సంగీతాన్ని 20 వేగం కాపీ మీద విడిగా నడపొద్దు. పది నిమిషాలకే రెండు నిమిషాల తేడా వచ్చి, గంటలు మోగాల్సిన చోట గొంతులు వినబడతాయి.

ప్రశ్న: ఎంతసేపూ ముఖాలే. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ఎవర్ని చూస్తున్నారో అర్థం కాక తికమక పడ్డాను. ఇది లోపమా, కావాలని చేసిందా?

జవాబు: కావాలని చేసిందే. మీకు కలిగిన తికమకే జోన్‌కు కోర్టులో కలిగే తికమక.

మామూలు సినిమాలో ఇద్దరి మధ్య ఊహాగీత ఒకటి ఉంటుంది. కెమెరా దానికి ఒకే పక్కన ఉంటే, ఎడమవాడు కుడికి చూస్తాడు, కుడివాడు ఎడమకు చూస్తాడు, మనకు గది అర్థమవుతుంది. డ్రయర్ ఈ గీతను పదేపదే దాటేస్తాడు. 1,500కు పైగా ఉన్న షాట్లలో, ఒక షాటులోని కదలిక తర్వాతి షాటులో కొనసాగి రెండింటినీ కలిపే సందర్భాలు చాలా అరుదు. వెనక తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు కనుక ఇది ఫలానా మూల అని పోల్చుకునే ఆనవాలూ దొరకదు. న్యాయమూర్తులను నేల మట్టం నుంచి పైకి చూస్తూ తీశారు. అందుకోసం సెట్లో గోతులు తవ్వి కెమెరాను అందులోకి దించారు. వాళ్ల గడ్డాలు, ముక్కుపుటాలు, పైకి లేచిన వేళ్లు మన మీదికి వంగుతాయి. వాళ్లు గుంపులుగా ఉంటారు, చెవుల్లో గుసగుసలాడుకుంటారు, కెమెరా వాళ్ల వరస వెంట జారుతూ పోతుంది. జోన్ దాదాపు ఎప్పుడూ ఒంటరిగానే ఉంటుంది, కెమెరా కదలదు.

పొట్టి చిత్రాలు తీసే పాఠకులు ఇద్దరు ముగ్గురు ఈ పద్ధతిని ఎలా వాడుకోవచ్చని అడిగారు. చాలా అనుకరణలు తేలిపోవడానికి కారణం, క్లోజప్పు ఒక్కటే తీసుకుని తక్కినవి వదిలేయడం. ముందు కెమెరా ఎత్తు తేల్చుకోండి. అధికారం ఉన్నవాడిని కంటి మట్టం కన్నా బాగా కింద నుంచి, లేనివాళ్లను కంటి మట్టంలో గానీ కాస్త పై నుంచి గానీ తీయండి. తర్వాత వెనక గోడ ఖాళీ చేయండి. కేలెండరు, కిటికీ, కుర్చీ వీపు ఏది కనబడినా చూసేవాడి కన్ను దాన్ని పట్టుకుని గదిని కట్టేసుకుంటుంది. చూపు దిశ మాత్రం ప్రతి షాటుకూ రాసి పెట్టుకోండి. గీత దాటడం వేరు, ఎటు చూస్తున్నారో మర్చిపోవడం వేరు. డ్రయర్ దాటుతాడు, మర్చిపోడు.

ప్రశ్న: నటులకు మేకప్ వేయలేదంటారు. 1927లో అది సాధ్యమా?

జవాబు: సాధ్యమే, ఫిల్ము మారింది కనుక. అంతకు ముందు వాడుకలో ఉన్న ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును చూడలేదు. పెదవులు నల్లగా, చర్మం మీది ఎర్రటి మచ్చలు మరకల్లా పడేవి. వాటిని కప్పడానికే మందపాటి తెల్ల పూత వేసేవారు. పాంక్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులకూ స్పందిస్తుంది. ఛాయాగ్రాహకుడు రుడోల్ఫ్ మాటే దాన్నే వాడాడు. అందుకే న్యాయమూర్తుల పులిపిర్లు, ముడతలు, జోన్ పగిలిన పెదవులు, రెప్పల మీది తడి ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి.

సెట్టు గోడలకు గులాబి రంగు వేయించారని మరో పాఠకుడు రాశారు, అది నిజమే. నలుపు తెలుపులో గులాబి లేత బూడిద రంగుగా పడి, తెల్లటి ఆకాశం నుంచి గోడను విడదీస్తుంది. సెట్లు రూపొందించిన హెర్మాన్ వార్మ్, రచయిత విక్టర్ హ్యూగో మునిమనవడైన జా హ్యూగో కలిసి ప్యారిస్ శివారులో కాంక్రీటుతో ఒక కోటనే కట్టించారు. తెర మీద అది ముక్కలు ముక్కలుగా తప్ప కనబడదు. అంత ఖర్చు పెట్టి చూపించలేదేమని నిర్మాతలు బాధపడ్డారంటారు. కానీ నటులు అట్టగోడల మధ్య కాక నిజమైన గోడల మధ్య తిరిగారు, దాని బరువు వాళ్ల ముఖాల మీద ఉంది.

ప్రశ్న: జోన్‌ను మగ బట్టలు వేసుకున్నందుకే కాల్చారా? సినిమాలో చట్టం ఏమిటో స్పష్టంగా తెలియలేదు.

జవాబు: సినిమా నెలల విచారణను ఒక్క రోజు జరిగినట్టు కుదించింది కనుక మీకు ఆ సందేహం రావడం సహజం. అసలు వరస ఇది.

1430 మే 23న కొంపియేన్ దగ్గర జోన్ పట్టుబడింది. ఫ్రాన్సుతో యుద్ధంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు 10,000 లివ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) చెల్లించి ఆమెను సొంతం చేసుకున్నారు. పట్టుబడిన చోటు బొవే బిషప్ అధికార పరిధిలోది, అందుకే ఆ బిషప్ పియెర్ కోషోన్ విచారణాధికారి అయ్యాడు. 1431 ఫిబ్రవరి 21న ఆమెను బహిరంగంగా ప్రశ్నించడం మొదలైంది. ముందు 70 అభియోగాలు తయారు చేసి, వాటిని 12కు కుదించి, ప్యారిస్ విశ్వవిద్యాలయ పండితుల అభిప్రాయానికి పంపారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మతధిక్కారం కింద దోషి అయినా, తప్పు ఒప్పుకుని విడనాడితే మొదటిసారికి మరణశిక్ష లేదు. ప్రాయశ్చిత్తం, జైలు, అంతే. ఒప్పుకుని మళ్లీ పాత దారికే పోతే మాత్రం క్షమాపణ లేదు. అలాంటివాళ్లను చర్చి తన చేతికి రక్తం అంటకుండా రాజ్యాధికారానికి అప్పగిస్తుంది, వాళ్లు కాలుస్తారు. అంటే, ఆమెను కాల్చాలంటే ముందు ఆమె సంతకం కావాలి. సినిమా అంతా ఆ కాగితం చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

మే 24న సెంటువాన్ శ్మశానంలో కాల్చేస్తామన్న బెదిరింపుల మధ్య సంతకం పడింది. సినిమాలో ఆమె చేయి పట్టుకుని పెట్టిస్తారు. ఆ కాగితం ఆరేడు పంక్తులనీ, ఎనిమిది పంక్తులనీ పాతికేళ్ల తర్వాత సాక్షులు చెప్పారు. అధికారిక రికార్డులో ఉన్న పాఠం దానికన్నా ఎన్నో రెట్లు పొడవు. తనను చర్చి జైలుకు పంపుతారని ఆమె ఆశ పడింది. మళ్లీ ఇంగ్లీషు సైనికుల కాపలాలోని అదే జైలుకు పంపారు. మే 28న న్యాయమూర్తులు వెళ్లి చూస్తే మగ బట్టల్లో ఉంది. ఎందుకు వేసుకుందన్నదానికి సాక్ష్యాలు రకరకాలుగా ఉన్నాయి. కాపలావాళ్ల నుంచి రక్షణ కోసమని కొందరు, ఆడ బట్టలు లాగేసుకున్నారని కొందరు చెప్పారు. గొంతులు మళ్లీ వినిపించాయా అని అడిగారు. వినిపించాయంది. ఆ జవాబు పక్కన మార్జిన్‌లో లేఖరి లాటిన్‌లో ‘ప్రాణాంతకమైన జవాబు’ అని రాసుకున్నాడు. బట్టలు కంటికి కనబడే రుజువు మాత్రమే, ఆమెను చంపింది ఈ జవాబు. మే 30న కాల్చేశారు. రాజ్యాధికారి విడిగా శిక్ష చదవాలన్న లాంఛనం కూడా పాటించలేదు.

ప్రశ్న: ‘నువ్వు దేవుని కృపలో ఉన్నావా?’ అని అడిగినప్పుడు కోర్టంతా ఎందుకు ఉలిక్కిపడుతుంది?

జవాబు: అటు వెళ్తే నుయ్యి, ఇటు వెళ్తే గొయ్యి లాంటి ప్రశ్న అది. తాను కృపలో ఉన్నానని ఏ మనిషీ నిశ్చయంగా ఎరగడన్నది చర్చి బోధ. ‘ఉన్నాను’ అంటే అహంకారం, మతధిక్కారం. ‘లేను’ అంటే తన పని దేవుడిది కాదని ఒప్పుకున్నట్టు. సినిమాలో మాస్యూ అనే యువ సన్యాసి జవాబు చెప్పొద్దని హెచ్చరిస్తాడు. ఆ పాత్రను కవి ఆంటొనిన్ ఆర్టో పోషించాడు. ఆమె చెప్పింది రికార్డులో ఉన్న మాటే: లేకపోతే దేవుడు నన్ను అందులో ఉంచుగాక, ఉంటే నన్ను అందులోనే నిలుపుగాక. కోషోన్ పాత్రధారి యూజీన్ సిల్వెన్ ముఖాన్ని ఆ తర్వాతి షాట్లలో గమనించండి.

దీనికన్నా లోతైన ప్రశ్న ఇంకొకటి ఆ విచారణలో పదేపదే వస్తుంది: ‘చర్చికి లోబడతావా?’ పండితులు చర్చిని రెండుగా చూశారు. ఒకటి పరలోకంలో ఉన్నది, దేవుడు, పునీతులు. రెండోది భూమ్మీద ఉన్నది, పోపు, బిషప్పులు, గురువులు. లోబడాల్సింది రెండోదానికి. జోన్‌కు ఈ విభజన అర్థం కాలేదు, దేవుడూ చర్చీ ఒకటే కదా అంది. లోబడతాను గాని ముందు దేవుడి సేవ అంది. పోపు దగ్గరికి తీసుకెళ్లమని అడిగింది, తీసుకెళ్లలేదు. భక్తి లేనివాళ్లకీ ఉన్నవాళ్లకీ మధ్య గొడవ కాదిది. దేవుడి మాట తనతో నేరుగా వచ్చిందన్న మనిషికీ, ఆ మాట మా ద్వారానే రావాలన్న వ్యవస్థకీ మధ్య గొడవ.

ప్రశ్న: ఇది చర్చికి వ్యతిరేకమైన సినిమానా? మా ఇంట్లో పెద్దవాళ్లు భక్తిపరులు, వాళ్లకు చూపించవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చూపించండి. జోన్ ముందు మోకరిల్లే సన్యాసి, చితి దగ్గర ఆమెకు కనబడేలా సిలువను ఎత్తి పట్టుకున్న మాస్యూ, వీళ్లూ చర్చివాళ్లే. సంతకం పెడితే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా భావించే పవిత్రమైన రొట్టె) ఇస్తామని చూపించి, ఆమె కాదనగానే వెనక్కి తీసుకెళ్లే ఘట్టం అందరికన్నా ఎక్కువగా భక్తులనే కోస్తుంది. ఆ రొట్టె విలువ తెలిసినవాళ్లకే అది ఎంత క్రూరమో తెలుస్తుంది. 1456లో చర్చే ఆ తీర్పును కొట్టేసింది, 1920లో ఆమెను పునీతగా ప్రకటించింది. అయినా 1928లో ప్యారిస్ విడుదలకు ముందు అక్కడి ఆర్చిబిషప్ ఒత్తిడితో, ప్రభుత్వ సెన్సారు చేతిలో సినిమాకు కోతలు పడ్డాయి. ఇంగ్లీషు సైనికులను చూపిన తీరు నచ్చక బ్రిటన్ నిషేధించింది.

పెద్దవాళ్లతో చూసేటప్పుడు రెండు విషయాలు ముందే చెప్పండి. జ్వరంతో పడి ఉన్న జోన్ చేతి నుంచి రక్తం తీసే షాటు ఉంది. చివర్లో మంటల ఘట్టం చాలాసేపు సాగుతుంది. ఇంకొకటి, రాజు రాసినట్టు దొంగ ఉత్తరం సృష్టించే గురువు లువాజెలర్ గురించి అడుగుతారు. ఉత్తరం సినిమా కల్పన. చరిత్రలోని లువాజెలర్ తాను ఆమె పక్షంవాడినని నటించి జైల్లో ఆమె నమ్మకం సంపాదించాడని సాక్ష్యాలున్నాయి.

ప్రశ్న: జోన్‌గా వేసిన ఫాల్కొనెట్టి ఒకే ఒక్క సినిమాలో నటించిందంటారు, నిజమేనా?

జవాబు: కాదు. ఆమె రంగస్థల నటి, 1917లోనే రెండు సినిమాల్లో కనిపించింది. దీని తర్వాత మాత్రం మరో సినిమా చేయలేదు. 1946లో బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయింది.

ప్రశ్న: జుట్టు తీసే సీన్లో ఆమె ఎందుకు అకస్మాత్తుగా మనసు మార్చుకుంటుంది? నాకు కారణం కనబడలేదు.

జవాబు: కారణం నేల మీద ఉంది. అంతకు ముందు సైనికులు వెక్కిరింతకు గడ్డితో అల్లిన కిరీటం ఆమె తల మీద పెట్టారు, ముళ్ల కిరీటాన్ని గుర్తుచేసేలా. సంతకం అయ్యాక, యావజ్జీవ ఖైదు పడ్డాక, జైల్లో కత్తెరతో ఆమె జుట్టు తీస్తుంటారు. అది ఫాల్కొనెట్టి సొంత జుట్టే. తర్వాత ఒకడు చీపురుతో నేల ఊడుస్తాడు. రాలిన జుట్టుతో పాటు ఆ గడ్డి కిరీటమూ చెత్తలో కలిసి పోతుంటుంది. ఆమె చూపు దాని మీద పడుతుంది. తాను ప్రాణం దక్కించుకోవడానికి దేన్ని వదులుకుందో అప్పుడు ఆమెకు కంటికి కనబడుతుంది. వెంటనే న్యాయమూర్తులను పిలవమంటుంది. కార్డు మీద ఒక్క మాట వివరణ లేదు. చీపురు కదలిక తెర మీద కొద్ది సెకన్లే ఉంటుంది, ఆ సమయంలో అక్షరాల కోసం ఎదురు చూస్తే తప్పిపోతుంది.

ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్‌లో ప్రదర్శించాలనుకుంటున్నాం. కార్డులు తెలుగులోకి చెప్పడం ఎలా? దీని తర్వాత ఏ సినిమా వేస్తే బాగుంటుంది?

జవాబు: కార్డులను ఆట నడుస్తుండగా మైకులో పైకి చదవొద్దు. నటులు మాటలు నిజంగానే పలికారు, పెదవుల కదలిక కనబడుతుంటుంది. మీ గొంతు ఆలస్యంగా వచ్చి దాన్ని చెడగొడుతుంది. కార్డులన్నీ ముందే తెలుగు చేసి, బొమ్మ అడుగున చిన్న పంక్తిగా వేయండి. ‘దివ్యసత్ప్రసాదం’, ‘పరలోక జపం’ వంటి చర్చి మాటలు ఉన్నవి ఉన్నట్టు వాడండి, కొత్త మాటలు పుట్టించొద్దు. కొలువులో ఉన్న బిషప్‌ను జోన్ ‘మీరు’ అనాలి, వాళ్లు ఆమెను ‘నువ్వు’ అనాలి. గదిని పూర్తిగా చీకటి చేయండి, తెల్ల గోడల ముందు తెల్లటి ముఖాలు కాస్త వెలుతురు పడినా పాలిపోతాయి. మధ్యలో విరామం ఇవ్వొద్దు.

తర్వాతి వారం రాబర్ట్ బ్రెస్సోన్ 1962లో తీసిన ‘ది ట్రయల్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ వేయండి. 65 నిమిషాలే. అదే విచారణ, అదే రికార్డు. కానీ అందులో కన్నీళ్లు దాదాపు ఉండవు. వృత్తి నటులు కాని మనుషులు ప్రశ్నా జవాబూ వేగంగా, స్వరంలో ఎత్తుపల్లాలు లేకుండా అప్పజెప్తారు. డ్రయర్ సినిమాలోని ముఖ కవళికలు బ్రెస్సోన్‌కు నచ్చేవి కావు. కృప గురించిన ప్రశ్న రెండు సినిమాల్లోనూ వస్తుంది. ఆ రెండు ముక్కలను పక్కపక్కన మళ్లీ వేసి చూపించండి. చర్చ దానంతట అదే మొదలవుతుంది.